టీవీ పెట్టెలో కాపురం

నాకు పాములు బాగా తెలుసని చెప్పుకునేదాన్ని. అందులో అబద్ధమేమీ లేదు. వాల్తేరులో ఎమ్మెస్సీ జువాలజీ చదివిన రోజుల్లో ఎన్నో పాముల్ని చేత్తో పట్టుకున్నాను, పొట్ట కింది పొలుసులు లెక్కపెట్టాను, నోరు తెరిచి పళ్ల వరస చూసి బొమ్మ గీశాను. కాకపోతే అవన్నీ ఫార్మలిన్ సీసాల్లోంచి తీసినవి. కదిలే పామును నేను చూసింది ఒక్కసారే, అదీ హాస్టల్ స్నానాల గది తూము దగ్గర. ఆ రోజు అందరికంటే ముందు పరిగెత్తింది నేనే.

ఎనభైల మొదట్లో పెళ్లయి వర్జీనియాలోని హెర్న్‌డన్‌కి వచ్చాను. మా ఇంటికి దగ్గర్లోని మిడిల్ స్కూల్లో సైన్స్ గదికి సహాయకురాలు కావాలంటే వెళ్లాను. బీకర్లు కడగడం, మైక్రోస్కోపులు తుడిచి పెట్టడం, చేపలకు మేత వెయ్యడం, ఇదీ పని. సైన్స్ టీచరు ఎర్ర గడ్డంతో, గుమ్మానికి తల తగిలేంత పొడుగున ఉండే మనిషి. "జంతువులంటే భయం లేదు కదా?" అని అడిగాడు.

"పాములే నా స్పెషల్ సబ్జెక్టు" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. ఉద్యోగం ఇచ్చేశాడు.

ఆ సైన్స్ గది మూల ఒక గాజు తొట్టి ఉండేది. అందులో నారింజ రంగు పాము ఒకటి ఉందని పిల్లలు చెబితే విన్నాను. దాని సంగతి టీచరే చూసుకునేవాడు. ఏడాది పొడుగునా ఆ గదిలో అన్ని మూలలూ తుడిచాను గానీ ఆ మూల తుడవడం మాత్రం నాకెందుకో కుదిరేది కాదు.

జూన్‌లో స్కూలు మూసేసే రోజున టీచరు నన్ను పిలిచాడు. తను వేసవంతా కొండల్లో క్యాంపింగ్‌కి పోతున్నాడట. "వీణ్ణి ఇంటికి తీసుకెళ్లడానికి నీకంటే తగిన మనిషి ఎవరున్నారు చెప్పు?" అంటూ మూత తీసి, పామును పైకెత్తి, నా చేతుల్లో పెట్టాడు.

చుట్టూ పిల్లలున్నారు. అరవడానికి వీల్లేదు. కళ్లు మూసుకోవడానికీ వీల్లేదు. జిగటగా ఉంటుందనుకున్నాను, ఎందుకంటే నేనెరిగిన పాములన్నీ తడిసే ఉండేవి. ఇదేమో పొడిగా, చల్లగా, కొత్త పట్టుచీర మడతలా ఉంది. ఆ మడత నెమ్మదిగా నా ముంజేతి చుట్టూ తిరిగి, గాజుల దగ్గర ఆగి, నాలుక ఆడించి చూసింది. దాని పొట్ట కండరాలు ఒకదాని తర్వాత ఒకటి నా చర్మం మీద కదులుతుంటే తెలుస్తోంది. ఆ కండరాల బొమ్మ నేను పరీక్షలో గీశాను. మంచి మార్కులే వచ్చాయి. కానీ అవి ఇలా కదులుతాయని మాత్రం అప్పుడే తెలిసింది.

"చూశారా, ఎంత ధైర్యమో" అన్నాడు టీచరు పిల్లలతో. నేను నవ్వాను. నవ్వుతూనే పామును మళ్లీ ఆయన చేతుల్లోకి దాటించేశాను.

ఆఫీసు గదిలోంచి మావారికి ఫోన్ చేశాను. ఆయన వంతెనలు కట్టే కంపెనీలో ఇంజనీరు.

"స్కూలువాళ్లు కార్న్ స్నేక్ ఇస్తున్నారండీ. సాయంత్రం కాస్త కారు తీసుకొస్తారా? వేసవంతా మనింట్లో ఉంచుకోవాలి."

అటువైపు ఎవరో టైపు చేస్తున్న చప్పుడు. "కార్న్ స్నాకా? వేసవంతా ఎందుకోయ్, రెండు రోజుల్లో అవగొట్టేస్తా."

సరిచేద్దామనుకున్నాను. సరిచేస్తే కారు రాదేమోనని అనుమానం వచ్చింది. ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం గాజు తొట్టిని డిక్కీలో పెట్టుకున్నాం. పామును మాత్రం టీచరు దిండు గలీబులో వేసి, మూతి ముడివేసి, నా ఒళ్లో పెట్టాడు. పాముల్ని అలాగే తీసుకెళ్లాలట, చీకటిగా ఉంటే కంగారు పడవట. కారు పెద్ద రోడ్డెక్కాక మావారు ఓరగా చూశారు.

"చాలానే ఇచ్చారే. వెచ్చగా ఉందా ఇంకా?" అంటూ చెయ్యి చాపి గలీబు మీద పెట్టారు.

గలీబు కదిలింది.

ఆయన అరవలేదు. ఇండికేటర్ వేసి, కారును పద్ధతిగా పక్కకు తీసి, ఆపి, తాళం చెవి దానికే వదిలేసి, దిగి, గడ్డి మీద చాలా దూరం నడిచి వెళ్లి నిలబడ్డారు. అక్కణ్ణుంచి అడిగారు, "ఏంటది?"

"కార్న్ స్నేక్ అని చెప్పాగా!"

"నువ్వు చెప్పింది స్నాక్!"

"విషం లేదండీ. ఈ రాష్ట్రంలో పుట్టిన రకమే. ఎలుకల్ని తప్ప దేన్నీ ఏమీ అనదు."

"నేను నడిచి వస్తాను. నువ్వు పో."

నాకప్పటికి డ్రైవింగ్ లైసెన్సు లేదు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తొచ్చేసరికి కాసేపు పట్టింది. చివరికి ఆయనే వచ్చి కూర్చుని, ఎడమ భుజం తలుపుకి అదిమిపెట్టుకుని ఇంటిదాకా నడిపారు. వెనక వచ్చిన ప్రతి కారూ మమ్మల్ని దాటిపోయింది.

ఇంటికొచ్చి తొట్టిని బేస్‌మెంట్‌లో పెట్టాక ఆయన మొదటి షరతు పెట్టారు. దీపం పెట్టాక దాని పేరెత్తకూడదు. పురుగు అనాలి.

"ఈ హెర్న్‌డన్‌లో వినేదెవరండీ?"

"అది వింటుంది."

"పాములకి బయటికి చెవులుండవు."

"అదిగో, మళ్లీ అన్నావు."

రెండో షరతు, అది తినే తిండి మా ఫ్రిజ్‌లోకి రాకూడదు. మా ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. మూడోది, శనివారం దానికి భోజనం పెట్టకూడదు. నేను శనివారమే అనుకున్నాను. అది బుధవారానికి మారింది. బుధవారం సాయంత్రాలు బస్సెక్కి పెంపుడు జంతువుల కొట్టుకి వెళ్లి, అప్పటికే చంపి ఉంచిన ఎలుకను కాగితం సంచిలో తెచ్చేదాన్ని. నేను వీధి మలుపు తిరగడం కిటికీలోంచి చూసి, మావారు వెనక తలుపు గుండా వాకింగ్‌కి పోయేవారు.

మొదటి బుధవారం పాము ఎలుకను చూసి తల పక్కకు తిప్పుకుంది. రెండో బుధవారమూ అంతే. స్కూల్లోనూ సరిగ్గా తినేది కాదని టీచరు చెప్పాడు గానీ, నా చేతికొచ్చాక చిక్కిపోతే ఎలా? పాములే నా స్పెషల్ సబ్జెక్టని చెప్పుకున్నాను. కౌంటీ లైబ్రరీకి వెళ్లి దొరికిన పుస్తకాలన్నీ మోసుకొచ్చాను. చదువుతుంటే తలదించుకోవలసి వచ్చింది. ఎమ్మెస్సీలో మాకు పాము లోపల ఏముంటుందో చెప్పారు గానీ, పాము దేని లోపల ఉండాలో ఎవరూ చెప్పలేదు.

ఆ స్కూలు తొట్టిలో ఉన్నవన్నీ తప్పులే. అడుగున సువాసన వేసే దేవదారు పొట్టు. ఆ వాసన మనకు బాగుంటుంది గానీ పాము ఊపిరితిత్తులకు చెరుపు. మధ్యలో కరెంటుతో వేడెక్కే రాయి ఒకటి. దాని మీద పడుకుంటే పొట్ట కాలుతున్నా పాముకి తెలియదట. లోపలే వేలాడే బల్బు. నలువైపులా గాజు, దాక్కోవడానికి చోటు లేదు. నీళ్ల గిన్నె మా ఆవకాయ గిన్నెకంటే చిన్నది. పెట్టె అంతా ఒకే వేడి.

ఇవన్నీ రాత్రి భోజనాల దగ్గర మావారికి చెప్పాను. జాలి పడతారనుకోలేదు. ఆయన అడిగిన ప్రశ్న వేరు.

"ఆ మూతకి గొళ్లెం ఏది?"

"లేదు. పైన ఇటుక పెట్టేవారట."

"ఇటుక తోస్తే?"

"తల పట్టే సందు దొరికితే చాలు, ఒళ్లంతా పట్టేస్తుంది."

ఆయన అన్నం కలపడం ఆపేశారు. చెయ్యి కడుక్కుని, బేస్‌మెంట్ మెట్ల దాకా వెళ్లి, తొట్టి మీద ఇంకో ఇటుక పెట్టమని నాకు చెప్పి, గ్రాఫ్ కాగితాలు తీశారు. మావారికి భయమేస్తే ఏదో ఒకటి కడతారు. వరదొస్తుందంటే వంతెన కట్టినట్టు.

బేస్‌మెంట్‌లో ఒక పాత టీవీ ఉండేది. కాళ్లతో, చెక్క బీరువాలా, ఇద్దరు మోస్తే గానీ కదలనిది. మేము ఎవరింటి ముందో యార్డ్ సేల్‌లో కొన్నాం. కొన్న నెలకే పాడైపోయింది. ఆయన లోపలి సామానంతా తెలిసిన మెకానిక్ చేత పీకించేశారు. మిగిలిన చెక్క పెట్టెను చూసి నాతో అన్నారు, "వెనక అట్టకి గాలి సందులు ముందే ఉన్నాయి. ముందర తెర ఉన్నచోట గాజు పెడితే సరి. మూడు వైపులా చెక్క గనక దానికీ మరుగు. నువ్వు లోపల ఏం కావాలో చెప్పు. బయటికి రాకుండా నేను చూసుకుంటా."

అలా పని పంచుకున్నాం. వెనక సందులకి ఆయన సన్నటి ఇనప జల్లెడ కొట్టారు. పెన్సిలు పట్టుకుని పెట్టె చుట్టూ తిరుగుతూ, పెన్సిలు దూరిన ప్రతి కంతనూ బిగించారు. స్పీకరు కంత, యాంటెన్నా తీగ కంత, వాల్యూమ్ మర కంత. చానెల్ తిప్పే పెద్ద మర మాత్రం ఉంచి, దాని ఇరుసుకే లోపల గడియ బిగించారు. మర తిప్పితే గడియ తొలగి, గాజు తలుపు తెరుచుకుంటుంది. ఆ ఏర్పాటు చూసుకుని ఆయన ఎంత మురిసిపోయారో చెప్పలేను. పక్కింటివాళ్లని పిలిచి ఖాళీ పెట్టె తలుపు తీసి చూపించారు.

ఆ మురిపెంలో లోపలంతా వార్నిష్ కూడా కొట్టేశారు. ఆ ఘాటుకి బేస్‌మెంట్‌లోకి దిగితే మాకే కళ్లు మండాయి. అది పూర్తిగా పోయేదాకా లోపల ప్రాణిని పెట్టకూడదని పట్టుబట్టి పెట్టెను గ్యారేజీకి తోయించాను. వాసన పోయేసరికి జూలై సగమైంది. ఆ రోజులన్నీ పాము పాత తొట్టిలోనే, పొట్టుకి బదులు పాత న్యూస్‌పేపర్ పరుచుకుని, కాలే రాయి పీకేశాక కాస్త తెరిపిన పడి ఉంది.

వేడికి మేము వాడింది ఇడ్లీ పిండి పులియబెట్టే హీటింగ్ ప్యాడ్. అది నడుము నొప్పికి కొన్నదే గానీ, చలికాలం దాని మీద పిండి గిన్నె పెట్టకపోతే మా ఇంట్లో ఇడ్లీలు రాళ్లే. దాన్ని పెట్టె అడుగు చెక్క కింద ఒక చివర మాత్రమే అమర్చి, లైటు తగ్గించే స్విచ్చు ఒకటి తగిలించి, మావారు రోజులకొద్దీ తిప్పుతూ కూర్చున్నారు. ఈ చివర వెచ్చగా, ఆ చివర చల్లగా ఉండాలి. పాముకి ఏది కావాలంటే అటు పోతుంది. రెండు చివరలా రెండు థర్మామీటర్లు. ఆయన ఆఫీసుకి వెళ్లే ముందూ, వచ్చాకా, మధ్యాహ్నం ఫోన్‌లోనూ వాటి గురించే అడిగేవారు. నా ఒంట్లో ఎలా ఉందని అంతగా అడిగిన గుర్తు లేదు.

దాక్కోవడానికి పెరుగు డబ్బాలు రెండు బోర్లించి, అంచున దారి కోశాను.

"ఒక్కదానికి రెండు బెడ్‌రూములా?" అన్నారాయన.

"వెచ్చని వైపొకటి, చల్లని వైపొకటి. ఒక్కటే పెడితే, భయమేసినప్పుడు దాక్కోవాలా, చలేసినప్పుడు వెచ్చగా పడుకోవాలా అని దానికి ఇరకాటం. భయమూ చలీ రెండూ ఉన్నవాళ్లకి అదెంత కష్టమో మీకేం తెలుసు?"

నేను హెర్న్‌డన్‌కి వచ్చింది జనవరిలో. ఆయనకి అది గుర్తొచ్చిందో ఏమో, మర్నాడు ఆ డబ్బాల అంచులు గీసుకోకుండా ఆకురాయితో నున్నగా చేసి తెచ్చారు.

ఒళ్లంతా మునిగేంత నీళ్ల పళ్లెం, ఎక్కడానికి ఒక ఎండు కొమ్మ, ఒళ్లు రాసుకోవడానికి గరుకు రాయి పెట్టాం. నేనే పామును ఎత్తి లోపల వదిలాను. అప్పటికి నాకు భయం పోయింది. అది పెట్టెంతా కొలిచినట్టు ఒకసారి చుట్టి వచ్చి, వెచ్చని వైపు డబ్బాలో దూరి, తల మాత్రం బయటపెట్టింది. మావారు మెట్ల మీద కూర్చుని చూసి, "గృహప్రవేశం అయినట్టే" అన్నారు.

అయినా ఆ బుధవారమూ తినలేదు. పైగా ఆదివారం పొద్దున్న చూద్దును కదా, దాని కళ్ల మీద పాలమీగడలాంటి పొర కమ్మి ఉంది. నల్లగా మెరిసే కళ్లు నీలి బూడిద రంగుకి తిరిగాయి. ఒంటి రంగు కూడా మాసిపోయింది. వార్నిష్ ఘాటు ఇంకా మిగిలుందేమో, దాని కళ్లు పోయాయేమో! మావారికి చెప్పలేదు. వార్నిష్ మాట ఎత్తితే ఆయన కుంగిపోతారు. పైగా ఆ మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి పెద్దవాళ్లు వస్తున్నారు.

వచ్చేది కంటి డాక్టరుగారూ, ఆయన భార్యా. గుంటూరు నుంచి మాకంటే చాలా ముందు వచ్చి స్థిరపడినవాళ్లు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లకి పెద్దదిక్కు. పాము సంగతి భోజనాలయ్యాక చెబుదామనుకున్నాం. ముందే చెబితే గుమ్మంలోనే చెప్పులు మళ్లీ తొడుక్కుంటారని మావారి భయం.

నేను అప్పడాలు వేయిస్తున్నాను. డాక్టరుగారి భార్య నా పక్కన నిలబడి ఇండియన్ షాపులో కందిపప్పు ధర చెబుతున్నారు. మావారు ఫోన్‌లో ఎవరికో మా ఇంటికి దారి చెబుతున్నారు. డాక్టరుగారు ఉక్కగా ఉందంటూ బేస్‌మెంట్‌లోకి దిగినట్టు ఎవరం గమనించలేదు. కాసేపటికి కిందనుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఏమయ్యా, కొత్త టీవీ కొన్నావా? కలర్ బ్రహ్మాండంగా వస్తోందే!"

మావారు ఫోన్ మూతి చేత్తో మూసి, పరధ్యానంగా, "పాతదేనండీ" అన్నారు.

"ఏదో జంతువుల ప్రోగ్రాం వస్తోంది. సౌండ్ రావట్లేదేం?"

"దానికి సౌండ్ రాదండీ" అని, మళ్లీ ఫోన్‌లో పడ్డారు.

"ఇదేం ప్రోగ్రామయ్యా, ఎంతసేపూ ఒక్క పామునే చూపిస్తున్నాడు. వేరే చానెల్ పెడతా ఉండు."

నా చేతిలో అట్లకాడ ఆగిపోయింది. మావారి చేతిలోంచి ఫోన్ జారి, తీగకి వేలాడుతూ గోడకి కొట్టుకుంది. ఇద్దరం ఒకరినొకరు తోసుకుంటూ మెట్ల వైపు పరిగెత్తాం. పరిగెత్తుతుండగానే చానెల్ మర టక్కుమని తిరిగిన చప్పుడైంది.

మేము సగం మెట్లు దిగేసరికి గాజు తలుపు బార్లా తెరిచి ఉంది. డాక్టరుగారు వంగి మర దగ్గరే చెయ్యి పెట్టి ఉన్నారు. ప్రోగ్రాం తల బయటికి చాపి, ఆయన కళ్లజోడుకి జానెడు దూరంలో నాలుక ఆడిస్తోంది. ఆయన కదల్లేదు. ఒక్క క్షణం, వృత్తి ధర్మం కొద్దీ అనుకుంటాను, దాని కళ్లలోకి సూటిగా చూశారు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యలోంచి, పంచె చేత్తో ఎత్తిపట్టుకుని, ఆ వయసులో అలా మెట్లెక్కుతారని నేనెన్నడూ అనుకోని విధంగా ఎక్కారు.

నేను పామును లోపలికి నెట్టి తలుపు మూశాను. పైనుంచి, వంటింటి గుమ్మం పట్టుకుని, ఆయాసపడుతూ డాక్టరుగారు నన్ను కేకేశారు.

"అమ్మాయ్! దానికి రెండు కళ్లకీ శుక్లాలు!"

"శుక్లాలా అండీ?"

"బాగా ముదిరాయి. ఆపరేషన్ నేను చెయ్యను. ముందే చెబుతున్నా."

భోజనాలు ఎలా అయ్యాయో గుర్తు లేదు. డాక్టరుగారి భార్య మాత్రం నవ్వి నవ్వి కంచం ముందు పొలమారి, నీళ్లు తాగి, మళ్లీ నవ్వారు. మావారు నవ్వలేదు. వాళ్లు వెళ్లాక పెట్టె ముందు దూరంగా కూర్చుని, "వార్నిష్ వల్లేనా?" అని మెల్లగా అడిగారు. ఆ సాయంత్రమే చానెల్ మరకి ఒక తాళం కూడా బిగించారు.

టీచరు కొండల్లో ఉన్నాడు, ఫోన్ అందదు. స్కూలు పాముని గుడ్డిదాన్ని చేసి అప్పగించానని ఎలా చెప్పాలా అని రెండు రోజులు కుమిలిపోయాను. ఆ రెండో రోజు కూరకని బంగాళాదుంపలు ఉడకబెట్టి వలుస్తున్నాను. ఒక దుంప తొక్క చివర పట్టుకుని లాగితే చినగకుండా మొత్తంగా ఊడి వచ్చింది. అది చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

కుబుసం! పాము కుబుసం విడవబోతోంది. విడిచేముందు పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య నీరు చేరి కళ్లు మసకబారతాయి. అప్పుడది తినదు, మసలదు, ఎవరినీ దగ్గరికి రానివ్వదు. ఈ విషయం మీద నేను పరీక్షలో అడిషనల్ షీటు తీసుకుని మరీ రాశాను. మా ఊళ్లో పశువులు కాసే పిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఫార్మలిన్ సీసాలో పాము ఎప్పుడూ కుబుసం విడవదు గనక నాకు తట్టలేదు.

మూడో పెరుగు డబ్బాలో తడి నాచు వేసి లోపల పెట్టాను, చర్మం మెత్తబడ్డానికి. గాజు తలుపుకి నా పాత నేతచీర కట్టేశాను. ఇన్నాళ్లూ ఆ ప్రాణికి మేము చేసిన అసలు అపకారం అప్పుడే తెలిసింది. నేను గంటకోసారి తొంగి చూస్తున్నాను. ఆయన గంటకోసారి థర్మామీటర్లు చూస్తున్నారు. పక్కింటి పిల్లలు గాజు మీద కొడుతున్నారు. అన్నీ సరిగ్గా అమర్చాక మనం చెయ్యవలసింది అక్కణ్ణుంచి లేచి పోవడం. మావారికి అది అన్నిటికంటే కష్టమైంది. చీర అంచు కిందనుంచి థర్మామీటరు చదవడానికి నేల మీద బోర్లా పడుకునేవారు.

కొన్నాళ్లకి కళ్లు వాటంతటవే తేటపడ్డాయి. తర్వాత ఒక పొద్దున చీర తొలగిస్తే, రాయి పక్కనుంచి కొమ్మ దాకా, తలనుంచి తోకదాకా చినగకుండా, జలతారులాంటి కుబుసం పరిచి ఉంది. పక్కనే పాము, ఇప్పుడే పెయింట్ వేసినట్టు, నిప్పు రంగులో మెరిసిపోతోంది. ఆ బుధవారం ఎలుకను పెట్టీపెట్టకముందే అందుకుంది. మావారు వాకింగ్ నుంచి వచ్చి, వెనక తలుపు సందులోంచి, "తిన్నదా?" అని అడిగారు. తిన్నదంటే, "అమ్మయ్య" అని లోపలికొచ్చి, ఆకలేస్తోందని తనూ రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు.

డాక్టరుగారికి ఫోన్ చేసి శుక్లాలు తగ్గాయని చెప్పాను. నమ్మలేదు. ఆదివారం స్వయంగా వచ్చారు. బేస్‌మెంట్‌లోకి దిగనన్నారు, కుబుసాన్నే పైకి తెమ్మన్నారు. డైనింగ్ టేబుల్ మీద పరిచి, జేబులోంచి భూతద్దం తీసి తల భాగం చూశారు. కంటి మీద పొర కూడా, గుండ్రంగా, పారదర్శకంగా, దాంతోపాటే ఊడి వచ్చింది.

"కాంటాక్ట్ లెన్స్!" అన్నారు చిన్నపిల్లాడిలా. "ఏమయ్యా, పాత లెన్స్ పారేసి కొత్తది పెట్టుకుందయ్యా ఇది!" ఆ తల భాగం మట్టుకు అడిగి తీసుకుని, రుమాల్లో చుట్టుకుని, క్లినిక్‌లో అందరికీ చూపించడానికి పట్టుకెళ్లారు.

ఆగస్టు చివర్లో టీచరు ఎండకి ఇంకా ఎర్రబడిన గడ్డంతో పామును తీసుకెళ్లడానికి వచ్చాడు. పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. దాన్ని అంత నిగనిగలాడుతూ ఎప్పుడూ చూడలేదన్నాడు. నేను టీ, కారప్పూస పెట్టాను. మావారు ఆయనకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"స్కూల్లో దీన్ని ఎక్కడ పెడతారు?"

"ఎప్పుడూ ఉండే చోటే. కిటికీ పక్కన."

"ఆ కిటికీ ఏ వైపు?"

టీచరు ఆలోచించి, "పడమర" అన్నాడు.

"మధ్యాహ్నం ఎండ సూటిగా గాజు మీద పడుతుందన్నమాట. శని ఆదివారాలు?"

"స్కూలు మూసేస్తాం కదా."

"చలికాలంలో కూడా హీటింగ్ ఆపేస్తారా?"

"తగ్గిస్తారు... అనుకుంటా."

మావారు నా వైపు తిరిగి తెలుగులో, "విన్నావా?" అన్నారు. పిల్లనిచ్చే ముందు పెళ్లివారింటికి వెళ్లి పెరట్లో నుయ్యి ఉందా లేదా అని ఆరా తీసే తండ్రిలా ఉన్నారు. ఆ పొడుగాటి మనిషి పెళ్లికొడుకు తరపువాడిలా కారప్పూస పళ్లెం ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క ప్రశ్నకీ ఇంకాస్త ముడుచుకుపోయాడు. దాక్కోవడానికి రెండు చోట్లుంటాయా అనే ప్రశ్న దగ్గర పూర్తిగా ఓడిపోయాడు.

"నిజం చెప్పనా?" అన్నాడు చివరికి. "వీణ్ణి ఇక్కణ్ణుంచి తీసుకెళ్లడానికి నాకే మనసొప్పట్లేదు. మీరే ఉంచుకోకూడదా? స్కూల్లో తాబేలును పెట్టుకుంటాం."

నేను నోరు తెరిచేలోపు మావారు, "ఉంచుకుంటాం" అన్నారు. టీచరు గాజు తొట్టి ఒక్కటే తీసుకెళ్లాడు. తాబేలుకి అది ఎంతమాత్రం సరిపోదని మావారు కారుదాకా వెంట వెళ్లి చెప్పి వచ్చారు.

అంత ప్రేమ ఉన్నా, ఆయన ఒక్కసారి కూడా ఆ గాజు తలుపు తీసినవారు కాదు. బయటి పనులు ఆయనవి, లోపలి పనులు నావి. నీళ్లు మార్చడం, న్యూస్‌పేపర్ మార్చడం, డబ్బాలు కడగడం అన్నీ నేనే. అక్టోబరులో నాకు ఫ్లూ వచ్చింది. లేచి కూర్చుంటే గది తిరిగేది. నీళ్ల పళ్లెం ఎండిపోయి ఉంటుందని కలవరిస్తుంటే ఆయన కాసేపు మంచం పక్కన అటూ ఇటూ తిరిగి, లోతు తెలియని నీళ్లలోకి దిగేవాడిలా ప్యాంటు మడతపెట్టుకుని కిందికి వెళ్లారు.

చాలాసేపటికి తాళం తీసిన చప్పుడు, మర తిరిగిన చప్పుడు. ఆ తర్వాత ఆయన గొంతు, చాలా మర్యాదగా.

"కాస్త అటు జరుగుతారా? నీళ్లు పెట్టి వెళ్లిపోతాను... లేదు లేదు, మీరు లేవొద్దు. అక్కడే ఉండండి. అయిపోయింది. అదిగో, పళ్లెం పెట్టేశా. తాగండి."

జ్వరంలో కూడా నాకు నవ్వాగలేదు. పెళ్లయినప్పట్నుంచీ నన్ను నువ్వు అనే పిలిచారాయన. కింద తలుపు మూసుకుంది. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని పైకి వచ్చి, చెమట తుడుచుకుంటూ నా మంచం మీద కూర్చున్నారు.

"ఏమైనా అందా?" అని అడిగాను.

"నేను వెళ్లేసరికి చల్లని వైపు డబ్బాలో ఉంది. నా చేతి మీదుగా వెచ్చని వైపుకి వెళ్లింది" అన్నారు. తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటూ, "పొడిగా ఉందే!" అన్నారు.